పోలయ్య తాత కట్టని పాట

మా అయ్య దండాసి మొండివాడు. ఇంట్లోవాళ్ళం కాబట్టి మేం అలా అనేవాళ్ళం. వీధిలోవాళ్ళు మాత్రం నియమస్థుడు అనేవారు. రెండూ ఒకటేనని నా అభిప్రాయం. బర్మా దేశంలోని యాంగోన్‌లో, పబేడాన్ వీధుల్లో సైక్కా తొక్కేవాడు. సైక్కా అంటే పక్కన ఇద్దరు కూర్చునే సీటు తగిలించిన సైకిలు. పగలంతా బజారుకొచ్చిన ఆడవాళ్ళనీ వాళ్ళ సంచుల్నీ మోసేవాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని గోడనున్న జముకు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడంటే, ఇక ఆ మనిషి మాకు దొరికేవాడు కాదు. బియ్యం లేవన్నా 'ఊఁ' అనేవాడు, వాన కురుస్తోందన్నా 'ఊఁ' అనేవాడు.

జముకు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది ఇత్తడి కుంచంలా ఉంటుంది. ఒకవైపు తోలు బిగించి, దాని నడుమ నుంచి తీగ ఒకటి కడతారు. చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగ లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. లాగినకొద్దీ దాని గొంతు పైకి లేస్తుంది. మా ముత్తాత పోలయ్య గంజాం నుంచి ఓడలో వస్తూ దాన్ని తెచ్చుకున్నాడట. వేసవిలో అమ్మోరి పండగకి అయ్య జముకు వాయిస్తే, కథ పాడేది చంద్రరావు. ఈ చంద్రరావు అయ్యకి సొంత అక్క కొడుకు. నాకు బావ, ఆపైన మొగుడు.

మా చిన్నప్పటికే ఈ దేశం తలుపులు మూసుకుని కూర్చుంది. మావాళ్ళు చాలామంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం మిగిలాం. గంజాం వైపు నుంచి కథకులు రావడం లేదు, పాట నేర్పేవాళ్ళు లేరు, రేడియోలో తెలుగు మాట దొరకడమే గగనం. అయ్య మొండితనమంతా అక్కడి నుంచే పుట్టింది.

"అక్కడోళ్ళు పాట మారిత్తే మారిత్తారు," అనేవాడు. "పక్కూర్లో ఇంకోడు పాతది పాడతంటాడు గాబట్టి నట్టం నేదు. ఇక్కడ నాను తప్పు వాయిత్తే దిద్దీవోడేడి? తప్పే పాటైపోద్ది."

"పాట తప్పుల్లేకండా ఉంది మావా. ఇనీవోడే లేడు," అనేవాడు మా బావ.

ఆయన మాటా నిజమే. పండగలో కథ మొదలుపెడితే ముసలివాళ్ళు నలుగురు ముందు కూర్చునేవారు. కుర్రకారంతా టీకొట్టు దగ్గర క్యాసెట్లు వినేది. ఆ క్యాసెట్లు చేసేదీ మా బావే. మా వీధి చివర కో తిన్ అనే బర్మా ఆయన క్యాసెట్ల దుకాణంలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక టేపు నుంచి ఇంకో టేపుకి పాటలెక్కించడం బావ పని.

ఆ దుకాణంలో ఎప్పుడూ తగవే. ఇంగ్లీషు పాట వరస తీసుకుని బర్మా మాటలు పెడితే దాన్ని కాపీ పాట అంటారు. సొంత వరస కట్టలేనివాడు గాయకుడేనా అని ఒకడు, జనం పాడుకుంటుంటే నీకెందుకురా నొప్పి అని ఒకడు. ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, అందరి నోటా ఆడిన పాట మరీ విచిత్రం. కౌబాయ్ టోపీ పెట్టుకుని పల్లె పాటలు పాడే ఒక బర్మా కంట్రీ గాయకుడు, ఇంగ్లీషు పాప్ పాట ఒకటి తీసుకుని, గిటారుతో తన పద్ధతిలో నెమ్మదిగా పాడాడు. వానలో పడవ కోసం ఎదురుచూసే పిల్ల పాట. ఇది కంట్రీయే కాదని కంట్రీ అభిమానులు తిట్టారు. మా పాటని పాడుచేశాడని పాప్ అభిమానులు తిట్టారు. తిట్టినవాళ్ళందరూ క్యాసెట్టు కొన్నారు.

ఆ వరస మీద మా బావ అమ్మోరి పాట కట్టాడు. అమ్మోరు రేవు దగ్గర పడవ కోసం నిలబడి ఉంటుంది, పడవవాడు ఆమెని గుర్తుపట్టడు. నాకు పాడి వినిపించాడు. బాగుంది అన్నాను. బాగుంటే బాగుందనక ఏమంటాను?

పండగ రోజున అయ్యకి ముందు చెప్పకుండా కథ నడుమ ఆ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం సగంలోనే అయ్య చెయ్యి ఆగిపోయింది. జముకుని తువ్వాలులో చుట్టి, అందరూ చూస్తుండగా లేచి వెళ్ళిపోయాడు. పూజ సామాన్ల కొట్టు గోపాలం కూడా లేచి, పంచె దులుపుకుని ఆయన వెంట నడిచాడు. గోపాలం మా గుడి పెద్ద. పాట విషయంలో అయ్యది ఏ మాటో ఆయనదీ అదే. అయినా బావ ఆపలేదు. జముకు లేకుండానే పాడాడు. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరో టేపులో పట్టారు కూడా.

ఇంటికొచ్చాక పెద్ద రభస.

"అది మన పాటేట్రా?" అన్నాడు అయ్య.

"మనోల్లు పాడితే మన పాట కాదా మావా?"

"టోపీ ఎట్టుకున్నోడి పాట తెచ్చి అమ్మోరి నోట్లో ఎడతావా? మీ తాత ఓడలో తెచ్చింది ఇదేనా?"

"తాత కూడా ఎవుడి దగ్గరో నేర్సుకునే ఉంటాడు గదా!"

దాంతో అయ్య మాట మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ, అల్లుడితో మాట్లాడాల్సింది నాతో చెప్పేవాడు. "మీ ఆయన్ని గొడుగట్టుకెల్లమను." పక్కనే నిలబడి ఉన్నవాడికి నేను మళ్ళీ చెప్పాలి. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండేది.

ఆగస్టులో ఊరు లేచింది. విద్యార్థులు, రేవు కూలీలు, నర్సులు, బౌద్ధ భిక్షువులు అందరూ వీధుల్లోకి వచ్చారు. సూలే గోపురం వైపు జనం ఏరులా కదిలారు. ఒక పొద్దున నేను వాకిట్లో నిలబడి ఉండగా ఊరేగింపు మా వీధిలోంచి వెళ్ళింది. వాళ్ళు పాడుతున్న వరస చెవిన పడింది. పడవ పిల్ల వరసే. ప్రేమ మాటలు తీసేసి, ప్రభుత్వం దిగిపోవాలన్న మాటలు పెట్టుకున్నారు. టోపీ గాయకుడు తనే సమ్మె వేదిక ఎక్కి దాన్ని పాడాడట. మా బావ మొహం వెలిగిపోయింది. అయ్య మాత్రం తలుపు దగ్గరగా వేసి, "ఆ పాట ఇంక ఇంట్లో పాడొద్దని సెప్పు," అన్నాడు నాతో.

సెప్టెంబరులో సైన్యం అధికారం చేతుల్లోకి తీసుకుంది. మా వీధి మొదట్లో ముళ్ళతీగ వేశారు. కాల్పులు వినబడుతుండేవి. ఎవరు పోయారో అడగడానికి కూడా భయపడేవాళ్ళం. అయిదుగురికి మించి గుమిగూడకూడదన్నారు. ఒకరోజు పొద్దున్నే కో తిన్ దుకాణానికి సైనికులు వచ్చారు. ఊరేగింపు పాటల టేపులు వెతుకుతూ మా పండగ టేపు పట్టుకున్నారు. ఆ వరసే, మాటలు మాత్రం వాళ్ళకి తెలియని భాషలో. కో తిన్‌నీ మా బావనీ పేట కార్యాలయానికి లాక్కెళ్ళారు. అక్కడ ఉంచినంతవరకూ ఆశ ఉంటుంది, అక్కడి నుంచి పెద్ద జైలుకి లారీ ఎక్కిస్తే మనిషిని మర్చిపోవాల్సిందేనని అందరూ చెప్పారు. లారీ సాయంత్రం వస్తుంది.

కాసేపటికి గోపాలం చెమటలు కక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు. టేపులో మాటలకి అర్థం చెప్పమని ఆయన్ని పిలిపించారట.

"అమ్మోరి పాటనే సెప్పాను దండాసీ. మరి ఈ వరసేటని అడుగుతున్నాడు ఆఫీసరు. టోపీవోడి దగ్గర తీసుకున్నారంటే ఆడి మనుసులే అంటాడు. నాకేటీ పాలుపోక, జముకు దండాసిని అడగండన్నాను."

"నీ తల ఒదిలించుకుని మా అయ్య తల ఇరికించీసావా?" అన్నాను. వయసులో పెద్దవాడని చూడలేదు. చూసే స్థితిలో లేను.

అయ్య నన్ను ఊరుకోమనలేదు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఆయన వెనక గోపాలం, గోపాలం వెనక అన్నం గిన్నె పట్టుకుని నేను.

కార్యాలయంలో ఆఫీసరు కుర్రవాడే. కేకలు వెయ్యలేదు, అయ్యని బల్ల మీద కూర్చోమన్నాడు. కేకలు వేసి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేదేమో. బావ మూలన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి దగ్గర రక్తం గడ్డకట్టి ఉంది. నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆఫీసరు టేపు పెట్టాడు. మా పండగ సందడి, జముకు, బావ గొంతు. ఆ వరస మొదలైంది. కొంచెం దూరం వెళ్ళాక జముకు టక్కున ఆగిపోయింది. టేపులో అది ఎంత స్పష్టంగా వినబడిందో చెప్పలేను.

ఆఫీసరు టేపు ఆపి బర్మాలో అడిగాడు. "ఈ పాట ఎవరిది?"

ఈ ప్రశ్నకి మా అయ్య దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది. ఆ జవాబు వేసవి నుంచీ వీధి వీధంతా విన్నదే. నేను గిన్నెని గట్టిగా పట్టుకున్నాను.

"మాదే," అన్నాడు అయ్య. "మా తాత పోలయ్య కట్టింది."

మూలనున్న బావ తలెత్తాడు.

"మీ తాత పాటైతే వాయిద్యం నడుమలో ఎందుకు ఆగింది?"

అయ్య తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు బజారు బర్మాలో, తడుముకుంటూ అన్నాడు. "ఏడుపొచ్చింది బాబూ. తాత గుర్తొచ్చాడు. చెయ్యి ఆడలేదు."

జన్మలో మా అయ్య ఏడవగా నేను చూడలేదు. మా అమ్మ పోయిన రోజు కూడా సైక్కా గొలుసు బాగుచేస్తూ కూర్చున్నాడు.

"అయితే వాయించి పాడు," అన్నాడు ఆఫీసరు.

జముకు తేవడానికి నన్ను పంపారు. వెళ్ళేటప్పుడు ముళ్ళతీగ దగ్గర నన్నెవరూ ఆపలేదు గానీ, తిరిగి వచ్చేటప్పుడు ఒక సైనికుడు అడ్డంగా తుపాకి పెట్టాడు. చంకలో మూటేమిటన్నాడు. విప్పితే, తుపాకి మొన లోపల పెట్టి తిప్పాడు. తోలు చిరిగితే మా బావ ప్రాణం పోయినట్టేనని నాకు తెలుసు, వాడికి తెలీదు. "పూజ సామాను" అని మాత్రం అనగలిగాను. వాడు నవ్వి పొమ్మన్నాడు.

అయ్య జముకు చంకలో పెట్టుకున్నాడు. తీగ లాగి చూసుకున్నాడు. ఈయనకి ఆ పాట రాదు కదా, ఇప్పుడేం పాడతాడు?

పాడాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అన్ని నెలలూ నేను వంటింట్లో కూనిరాగం తీస్తుంటే, బావ నీళ్ళు పోసుకుంటూ పాడుతుంటే, ఈ మనిషి మొహం తిప్పుకుని అంతా విన్నాడన్నమాట. కానీ మేం పాడినట్టు పాడలేదు. పరుగు తగ్గించాడు. ప్రతి పాదం చివరా మా పాత కథల్లో లాగితే ఎలా లాగుతామో అలా లాగాడు. పడవవాడు అమ్మోరిని గుర్తుపట్టని చోట గొంతు కిందికి దించి, జముకుని మాత్రం పైకి తీసుకెళ్ళాడు. ఊరేగింపులో విన్న వరస అందులో ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. మూలన బావ ఏడుస్తున్నాడు. భయంతో కాదు. పాట కట్టినవాడికి ఆ రోజే పాట పూర్తిగా వినబడింది.

ఆఫీసరుకి సందేహం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. గోపాలం వైపు తిరిగాడు. "మీవాళ్ళు దేని మీద ఒట్టేస్తారు? దేవతా?"

గోపాలం జముకు వైపు చూశాడు. ఆ చూపే పట్టిచ్చేసింది. "దాని మీదా?" అన్నాడు ఆఫీసరు. గోపాలం తలూపాడు. తలూపక ఏంచేస్తాడు పాపం, ఆయన ప్రాణం ఆయనకి తీపి. అమ్మోరి మీద ఒట్టేసి తప్పితే కోడినిచ్చి తప్పు తీర్చుకోవచ్చు. జముకు మీద చెయ్యి వేసి అబద్ధమాడినవాడు మాత్రం బతికినన్నాళ్ళూ మళ్ళీ దాన్ని ముట్టుకోకూడదు. జముకు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎవరం పందేలు కూడా కాసేవాళ్ళం కాదు.

"అయ్యా, వద్దు," అన్నాను తెలుగులో. అన్నాక, మూలనున్న మొగుణ్ణి చూసి నోరు మూసుకున్నాను. వద్దంటే ఏమవుతుందో నాకు తెలీదా?

అయ్య జముకుని బల్ల మీద నిలబెట్టాడు. తోలు మీద అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. "ఇది మా తాత పోలయ్య కట్టిన పాట," అన్నాడు. ముందు బర్మాలో అని, ఆ తరవాత ఎవరూ అడక్కుండానే తెలుగులో కూడా అన్నాడు.

ఆఫీసరు గోపాలాన్ని అడిగాడు. "నువ్వేమంటావు?"

గది అంతా గోపాలం నోటి మీద ఆగింది. పంచె దులుపుకుని లేచి వెళ్ళిన మనిషి ఆయన. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆఫీసరు దగ్గర మంచివాడు అనిపించుకోవచ్చు. ఆయన పెదాలు తడుపుకుని, "మా పెద్దోల్లు పాడగా ఇన్నాను," అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన్ని నేను క్షమించేశాను.

లారీ రాకముందే బావని వదిలేశారు. కో తిన్‌ని వదల్లేదు. ఆయన చాలా ఏళ్ళ తరవాత పళ్ళూడిపోయి తిరిగొచ్చాడు. దుకాణం మళ్ళీ తెరవలేదు. బావకి ఎడమ చెవి వినికిడి పోయింది.

ఇంటికొచ్చాక, నేను మోసుకొచ్చిన జముకుని నన్నే గోడకి తగిలించమన్నాడు అయ్య. తనే తగిలించుకునేవాడు ఎప్పుడూ. బావ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"నా కోసం ఆడిన అబద్దం మావా. అమ్మోరికి తెల్దా? ఒగ్గేత్తాది."

"అమ్మోరు ఒగ్గేత్తాది. నానొగ్గను," అన్నాడు అయ్య.

వేసవి నుంచి ఆయన అల్లుడితో నేరుగా అన్న మొదటి మాట అది. నాకు సంతోషపడాలో నెత్తి కొట్టుకోవాలో తెలీలేదు. ఇంత పట్టుదల అవసరమా? ఎవరు చూడొచ్చారు? వీధిలో ఎవరైనా తప్పంటారా? అన్నీ అడిగాను, అరిచాను కూడా. గోడకి చెప్పుకున్నట్టే.

మరుసటి ఏడు పండగకి అనుమతి దొరికింది. తాతలనాటి పాటలు మాత్రమే పాడాలని, ఇద్దరు సైనికులు దగ్గరుండి చూస్తారని షరతు. ఆ పాట ఇక జన్మలో పాడనన్నాడు బావ. అయ్య మండిపడ్డాడు.

"పాడకపోతే ఏటనుకుంటారు? తాత పాటని ఒట్టేసినోడు పండక్కి పాడడా? ఏటేటా పాడాల. మీ పిల్లలూ పాడాల."

"జముకెవులు వాయిత్తారు మావా?"

అయ్య నా వైపు చూశాడు. మాలో ఆడవాళ్ళు జముకు పట్టరు. ఆ మాట ఎన్నిసార్లు ఆయన నోటే విన్నానో! ఆ మర్నాటి నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. జముకు నా చంకలో, ఆయన చేతులు ఆయన దగ్గరే. దెబ్బ ఎక్కడ పడాలో తన తొడ మీద కొట్టి చూపించేవాడు. తీగ ఎంత లాగాలో గాలిలో చూపించేవాడు. తప్పు పోతే విసుక్కునేవాడు, నా చెయ్యి పట్టుకుని దిద్దబోయి, చటుక్కున వెనక్కి తీసుకునేవాడు.

పండగ రోజున ఆడది జముకు పట్టిందని ఎవరూ నోరెత్తలేదు. సైనికులిద్దరూ గుమ్మం పక్కన నిలబడ్డారు. అయ్య ముందు వరసలో నాకెదురుగా కూర్చున్నాడు. బావ అయ్య పద్ధతిలోనే, నిదానంగా, ఆ పాట ఎత్తుకున్నాడు. ముసలివాళ్ళు తలలూపారు. అది కొత్త పాటని తెలిసినవాళ్ళే ఎక్కువగా ఊపారు.

పడవవాడి దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో తీగ జారింది. చెమట. గొంతు పైకి లేవాల్సిన చోట జముకు మూలిగి కూర్చుంది. ఒక సైనికుడు మా వైపు తిరిగాడు. బావ పాదాన్ని సాగదీస్తూ నాకు సమయం ఇస్తున్నాడు. తీగ బిగించడం నాకింకా సరిగ్గా రాదు, ఒట్టుకి ముందు అది ఎప్పుడూ అయ్య పనే. ఆయన నాకు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్నాడు. ఆయన కుడి చెయ్యి నిజంగానే లేచింది. సగం దాకా వచ్చింది.

ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని, తొడ కిందికి దోపుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు. తలతో మాత్రం నాకు సైగ చేశాడు, లాగు, ఇంకా లాగు అని. నేను తీగని వేలికి రెండు చుట్లు చుట్టి తెగినా సరేనని లాగాను. గొంతు లేచింది. ఆయన చెయ్యి కదలకుండా అక్కడే ఉంది. పాట అయ్యేదాకా నేను వాయిస్తూనే ఏడ్చాను.